పాలపొడి మీద రాసిన ‘అ’

పాలడబ్బా మూత తీసి, పొడిని చెంచా వీపుతో చదును చేసి, దాని మీద చెంచా కాడతో ‘అ’ అని రాశాను. ఒకటో తరగతి పిల్లలకు పలక మీద రాసిచ్చినంత శ్రద్ధగా రాశాను. మూత బిగించి, డబ్బాను ఎప్పుడూ ఉండే గూట్లోనే పెట్టి, ఏమీ ఎరగనట్టు చెప్పులేసుకుని బడికి వెళ్ళిపోయాను. ఆ రోజు నోటితో ఎక్కాలు చెప్పించానే గానీ మనసంతా డబ్బాలోనే ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా మూత తీశాను. ‘అ’ రాసింది రాసినట్టే ఉంది. ఒక్క వంపు కూడా చెదరలేదు.

అంటే పొడిని ఎవరూ ముట్టుకోలేదు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదింటి దాకా నా ఐదు నెలల కూతురు ఒక్క చుక్క పాలు తాగలేదన్నమాట. ఆ కూతురేమో చాప మీద బోర్లా పడి, తల ఎత్తి నా వంక చూసి బోసినవ్వు నవ్వుతోంది. తొడల మీద మడతలు పడ్డాయి. మణికట్టు దగ్గర దారం కట్టినట్టు గీత వచ్చింది. డబ్బా తరిగిపోతుంటే ఇంట్లో దొంగ ఉన్నట్టు. తరగకపోతే ఏమున్నట్టు? నాకు భయం వేయాల్సిన మాట నిజమే. కానీ ఉన్నది చెబుతున్నాను, భయం కంటే ముందు వింతగా అనిపించింది.

ఎనభైల చివరి మాట ఇది. ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక కోయగూడెంలో నాకు టీచరు ఉద్యోగం. ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే. గూడేనికి రెండు మైళ్ళు ఇవతల, బస్సు ఆగే ఊళ్ళో, పెంకుటింట్లో ఒక వాటా కిరాయికి తీసుకున్నాం. మా ఆయనకు సారపాకలో పని. వెదురు తోలే లారీల కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. ఈ నెల ఉన్న పని వచ్చే నెల ఉంటుందో లేదో కాంట్రాక్టరుకే తెలియదు. శనివారం సాయంత్రం వచ్చి, సోమవారం తెల్లారేసరికి బస్సెక్కేవారు. కాబట్టి మా ఇంటికి ఆధారం నా జీతమే.

అత్తగారిది ఎర్రుపాలెం వైపు పల్లె. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని స్థిరపడ్డవాళ్ళు. ఇంటి నిండా పాడి, చేతికింద మనుషులు. నా కాన్పు సెలవు మూడు నెలలూ అక్కడే గడిచింది. జూన్‌లో బళ్ళు తెరుస్తారనగా ఆమె నన్ను కూర్చోబెట్టుకుని చెప్పింది.

“అమ్మాయ్, ఉద్యోగం మానమని నేను అనను. మీ అవసరం నాకు తెలుసు. కానీ పసిపిల్లని ఆ అడవిలో ఎవరి చేతిలో పెడతావు? ఇక్కడ వదిలి వెళ్ళు. నెలకోసారి వచ్చి చూసుకో.”

నెలకోసారి! మనిషిని పెట్టుకుంటానని, పిల్లను నేనే పెంచుకుంటానని మొండికేశాను. నాకు ముక్కు మీద కోపం, ఆమెకు నాకంటే ఎక్కువ. చివరికి ఆమే ఒక మెట్టు దిగింది.

“సరే, దసరా దాకా చూస్తాను. వచ్చి చూసినప్పుడు పిల్ల ఒళ్ళు ఏమాత్రం తగ్గి కనబడ్డా, చంకనేసుకుని తీసుకుపోతాను. అప్పుడు ఏడవకు.”

అలా నా కూతురు నా దగ్గర ఉంటుందా ఉండదా అన్నది దాని తొడల మీది మడతలకు ముడిపడిపోయింది.

అందుకే డబ్బా పాలు. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళ పిల్లలు డబ్బా పాలతోనే బలంగా పెరుగుతారని మాలో అందరికీ గట్టి నమ్మకం. పొద్దునా రాత్రీ నా పాలు, పగలు డబ్బా. నెలకు నాలుగు డబ్బాలంటే మా ఇంటి కిరాయి కంటే ఎక్కువ. అది చాలదన్నట్టు రెండు సీసాలు, వాటిని ఉడకబెట్టడానికి వేరే గిన్నె, నీళ్ళు కాచడానికి కిరసనాయిలు, కాచిన నీళ్ళకు ఫ్లాస్కు. ఇంత చిన్న ప్రాణికి ఇంత సరంజామా ఏమిటా అని నాకే ఆశ్చర్యంగా ఉండేది. నా కోసం ఒక చీర కొనుక్కుని ఏడాది దాటింది.

పిల్లను చూసుకోవడానికి దొరికిన మనిషి నేను పాఠం చెప్పే గూడెం నుంచే వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. కోయ ఇంటి కోడలు. చంకలో గుడ్డ కట్టి, దాంట్లో తన కొడుకును వేసుకుని వచ్చేది. వాడు నా కూతురి కంటే రెండు నెలలు పెద్ద. నా కూతురి తరఫున మేమామెను గూడెం అమ్మ అని పిలిచేవాళ్ళం. నెలకు నలభై రూపాయలు మాట్లాడుకున్నాం. ఆమె నలభై అంటే ఎంత అని అడగలేదు, పని ఎంతసేపు అని అడిగింది.

ఇక్కడ నా తెలివితేటల గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆమె ఇల్లు మా బడికి సరిగ్గా వెనకాల. నా పిల్లను అక్కడే ఉంచితే నేను గంటకోసారి చూసి రావచ్చు. కానీ మట్టి ఇల్లు, దోమలు, చలిజ్వరం అని నాకు బెదురు. నా పిల్ల పెంకుటింట్లోనే ఉండాలని పట్టుబట్టాను. అందువల్ల రోజూ పొద్దున ఆమె గూడెం నుంచి మా ఇంటికి రెండు మైళ్ళు నడిచొచ్చేది. ఆమెకు పిల్లనప్పగించి నేను మా ఇంటి నుంచి గూడేనికి రెండు మైళ్ళు నడిచేదాన్ని. సాయంత్రం ఇద్దరం మళ్ళీ అదే దారి. ఇందులో ఏదో తిరకాసు ఉందని నాకు రెండు నెలల దాకా తట్టనే లేదు.

మొదటి రోజు ఆమెకు అంతా విడమరిచి చెప్పాను. ఇన్ని నీళ్ళకు ఇన్ని చెంచాలు, మూడు గంటలకోసారి, సీసా ఎలా కడగాలి, ఎలా బోర్లించాలి. ఆమె శ్రద్ధగా విన్నది. సాయంత్రం ఇంటికొచ్చి అడిగితే అన్నీ సరిగ్గానే చెప్పేది.

“సీసా కడిగావా?”

“అవ్ పంతులమ్మా, కడిగిన.”

“పిల్ల ఏడ్చిందా?”

“ఏడ్వలే. మంచిగ పన్నది.”

చూస్తే సీసా నిజంగానే తళతళలాడుతూ బోర్లించి ఉండేది. కానీ వారం రోజుల్లో అయిపోవాల్సిన డబ్బా రెండు వారాలు వచ్చింది. తరవాతది నెల దాటినా సగం కూడా కాలేదు. అయినది కూడా ఆదివారాలు నేను స్వయంగా కలిపి పట్టింది. శనివారం ఈ సంగతి మా ఆయన చెవిన వేస్తే ఆయన మొహం వెలిగిపోయింది.

“కంపెనీవాళ్ళు ఎక్కువ నింపుతున్నారేమో. మంచిదేగా!”

ఖర్చు తగ్గితే ఆయనకు కారణంతో పనిలేదు. నాకలా కాదు. కారణం తెలియకపోతే అన్నం సహించదు. నీళ్ళలో పొడి తక్కువ వేస్తోందా? జావ తాగిస్తోందా? అడవి ఆకు ఏదైనా నూరి నాకిస్తోందా? నేరుగా అడిగితే మానేసి వెళ్ళిపోతుందేమోనని భయం. ఆమె వెళ్ళిపోతే ఇంకో మనిషి దొరకదు. మనిషి దొరక్కపోతే నా కూతురు ఎర్రుపాలెం బస్సెక్కుతుంది. అందుకే నోరు నొక్కుకుని పొడి మీద ‘అ’ రాశాను.

ఆ ‘అ’ మర్నాడూ చెరగలేదు. మూడో రోజు నాకు అదృష్టం కలిసొచ్చింది. గూడెంలో ఏదో దేవర కొలుపు, పండగ. పదకొండు గంటలకల్లా డోలు మోగేసరికి పిల్లలు ఒక్కొక్కరే జారుకుని, బడిలో నేనూ నల్లబల్లా మిగిలాం. తాళం వేసి, ఎండలో దాదాపు పరిగెత్తినట్టు ఇంటికొచ్చాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూశాను. గూడెం అమ్మ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒక పక్క ఆమె కొడుకు నిద్రపోతున్నాడు. ఒళ్ళో నా కూతురు. నా కూతురు ఆమె రొమ్ము పట్టుకుని, కళ్ళు అరమోడ్చి, హాయిగా పాలు తాగుతోంది. చిన్న చెయ్యి ఆమె మెడలోని పూసల దండను పట్టుకుని ఆడిస్తోంది.

ముందు కడుపు మండింది. అది కులం వల్ల వచ్చిన మంటా, నా పిల్ల నాది కాకుండా పోయిందన్న మంటా అని ఇన్నేళ్ళ తరవాత కూడా విడదీసి చెప్పలేను. రెండూ ఉన్నాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండూ ఉన్నాయి.

“ఏం చేస్తున్నావు నువ్వు?” అన్నాను.

“పాలిస్తున్న,” అంది ఆమె, నేను అంత తెలిసిన సంగతి ఎందుకడుగుతున్నానో అర్థం కానట్టు.

“డబ్బాలో పాలున్నాయి కదా! రోజూ చెప్పి వెళ్తున్నాను కదా!”

“ఉన్నయి, జూసిన. అవి ఎవలి పాలు పంతులమ్మా?”

“ఎవరివేంటి? ఆవు పాలు. ఎండబెట్టి పొడి చేస్తారు.”

“మరి గా ఆవుకు దూడ లేదా?”

పదేళ్ళు చదివి, ట్రైనింగు చేసి, ఆవు మీద వ్యాసం పిల్లలతో వంద సార్లు రాయించినదాన్ని. ఆవు సాధు జంతువు, ఆవు మనకు పాలు ఇస్తుంది. దూడ మాట ఆ వ్యాసంలో ఎక్కడా రాదు.

ఆమె నిదానంగా చెప్పింది. వాళ్ళ గూడెంలో పాతవాళ్ళు ఆవును పిండరు. ఆవులు దున్నే ఎడ్లను కంటాయి, పేడ వేస్తాయి, అంతే. పాలు దూడవి. “దూడ నోట్లకెల్లి గుంజి నీ బిడ్డ నోట్లె పోసుడు నాకు మంచిగ అనిపియ్యలే. అండ్ల అది ఏ ఊరి ఆవో, దాని దూడ బతికిందో సచ్చిందో ఎవలకెరుక?”

నేను ఊరుకోలేదు. నాకు వాదన దొరికింది.

“మరి నీ కొడుకు నోట్లోది తీసి నా కూతురికి పోస్తున్నావే, అది మంచిదా?”

ఆమె నా వంక జాలిగా చూసింది. ఒకటో తరగతిలో మొద్దు పిల్లవాడిని నేను చూసే చూపు అది.

“ఆవు ఇయ్యలే పంతులమ్మా, మనం గుంజుకున్నం. నేను ఇచ్చిన.”

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలే. సీసా కడిగినవా, పిల్ల ఏడ్సిందా అనే అడిగినవ్. ఏం తాగింది అని ఒక్కనాడన్న అడిగినవా?”

నిజమే, అడగలేదు. డబ్బాతో దొంగాటలు ఆడానే తప్ప మనిషిని అడగలేదు. నేను చాప మీద కూలబడ్డాను. నా కూతురు కడుపు నిండి, రొమ్ము వదిలి, నన్ను చూసి నవ్వింది. సరిగ్గా అప్పుడే ఆమె ఇంకో ప్రశ్న వేసింది.

“అయితే పంతులమ్మా, పొద్దుమూకేదాక నీ పాలు ఏం జేస్తున్నవ్ ఆడ?”

ఏం చేస్తున్నాను! మధ్యాహ్నం బెల్లు కొట్టే వేళకు రవిక బిగిసిపోయి, జ్వరం వచ్చినట్టు సలుపు పుట్టేది. బడి వెనక గోడ చాటుకు వెళ్ళి పిండి పారబోసేదాన్ని. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు ఇది తప్పదని నాతోపాటు ట్రైనింగు చేసినావిడ చెప్పింది. రెండు నెలల్లో పాలు బాగా తగ్గాయి కూడా. నేను పారబోసే గోడకు అవతల పది అడుగుల్లో గూడెం అమ్మ ఇల్లు. ఆ ఇల్లు ఖాళీగా ఉంది, ఎందుకంటే ఆమె రెండు మైళ్ళ దూరంలో నా పిల్లకు పాలిస్తోంది. ఇదంతా చెబుతుంటే నాకే నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. “నేల మీద పోసినవా?” అని రెండుసార్లు అడిగింది.

మర్నాటి నుంచి నా పద్ధతి మార్చేశాను. పొద్దున పిల్లను చంకనేసుకుని నేనే గూడేనికి నడిచేదాన్ని. ఇంటర్వెల్‌కి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఆమె ఇంట్లో కూర్చుని పాలిచ్చేదాన్ని. మొదట్లో సిగ్గుతో చచ్చేదాన్ని. తనిఖీకి ఎవరైనా వస్తే ఏమనుకుంటారోనని గుమ్మం వైపే చూస్తూ కూర్చునేదాన్ని. పిల్లలు దారిన పోయేవాళ్ళందరికీ “పంతులమ్మ పాలియ్య పోయింది, ఇప్పుడే వస్తది” అని గట్టిగా చెప్పేవాళ్ళు. వారానికి నాకే అలవాటైపోయింది. నా పాలు నెమ్మదిగా మళ్ళీ పెరిగాయి. నేను లేనప్పుడు ఏడిస్తే గూడెం అమ్మ ఇచ్చేది. ఆ మట్టి ఇల్లు మా పెంకుటింటి కంటే చల్లగా ఉందని, రోజూ అలికే నేల మా గచ్చు కంటే శుభ్రంగా ఉందని కూడా అప్పుడే చూశాను.

నాకు అడిగే జబ్బు పట్టుకుంది. దూడ చచ్చిపోతే ఆవు పాలు ఏమవుతాయి? ఇంకిపోతయి. మీ పిల్లలు పాలు మానేశాక ఏం తాగుతారు? జావ. మీరు పెరుగు తినరా? ఎందుకు తింటం. నెయ్యి? దూడది గదా. ఆమె జొన్నలు దంచుతూ, తడికె అల్లుతూ ఓపిగ్గా జవాబు చెప్పేది. నేను సాయంత్రం దారంతా ఆ జవాబులు నెమరేసుకుంటూ నడిచేదాన్ని. ఆమె గురించి నాకు తెలియనిది ఇక ఏమీ లేదని కూడా అనుకున్నాను.

మా ఆయనకు సంగతంతా చెప్పాను. కాసేపు గడ్డం గోక్కున్నారు. “అమ్మకు మాత్రం తెలియనివ్వకు,” అన్నారు. తరవాత సగం డబ్బా ఏం చేయాలని అడిగారు. పారేయడానికి ఇద్దరికీ చేతులు రాలేదు. ఆయనే టీలో వేసుకుని తాగడం మొదలుపెట్టారు. పసిపిల్లల పొడి కదా, కమ్మగా ఉందట.

దసరా ముందు అత్తగారి ఉత్తరం వచ్చింది. వస్తున్నానని, పిల్లను చూసి నిర్ణయిస్తానని. గూడెం అమ్మను మళ్ళీ మా ఇంటికే రమ్మన్నాను. డబ్బా తీసి ఎదురుగా బల్ల మీద పెట్టాను. సీసాలు బయటికి తీసి ఉడకబెట్టాను. నాటకానికి తెర కట్టినట్టే.

అత్తగారు ఒక చేత్తో నేతి డబ్బా, ఇంకో చేత్తో కొత్త పాలడబ్బా పట్టుకుని బస్సు దిగింది. వస్తూనే పిల్లను ఎత్తుకుంది, తూచినట్టు చేతుల్లో పైకీ కిందికీ ఆడించింది, తొడలు పిసికి చూసింది. ఆమె మొహం విప్పారింది.

“డబ్బా పాలు పనిచేశాయే! ఖరీదైతే అయింది గానీ ఫలితం చూడు. నేననవసరంగా భయపడ్డాను.”

గూడెం అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆ మాట విన్నది. నా వంక చూసింది. నేను తల తిప్పుకుని స్టవ్వు పంపు కొట్టాను. ఆ క్షణం నన్ను నేను చీదరించుకున్నాను. కానీ నిజం చెప్పలేదు. అత్తగారి ఎదుట సీసా కలిపి పట్టబోతే నా కూతురు నాలుకతో తోసేసి, మొహం అటు తిప్పేసింది.

“ఇదేంటే, ఇన్నాళ్ళూ తాగింది ఇప్పుడు వద్దంటోంది?”

“మిమ్మల్ని చూసి కొత్త చేసింది అత్తయ్యా,” అన్నాను.

సాయంత్రం వెళ్ళేటప్పుడు గూడెం అమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఆమెకు కోపం వచ్చి ఉంటుందనుకున్నాను. ఆమెకు నిజంగా తెలుసుకోవాలనే ఉంది.

“మీ అత్తకు ఎందుకు చెప్పలే? పాలు మంచిగ లేవా, నేను మంచిగ లేనా?”

“ఆమె పిల్లను తీసుకుపోతుంది,” అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె కొడుకును గుడ్డలో సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ఆమె పొద్దున్నే వచ్చింది. వాగు అవతల సంతలో రెండు కోడిపెట్టలు అమ్ముకుని వస్తానంది. మబ్బు పట్టి ఉంది, పిల్లవాడితో వాగు దాటడం కష్టం, ఇంట్లో ఆమె అత్తకు జ్వరం. వాణ్ణి రెండు గంటలు చూడమని నా చేతిలో పెట్టింది. సరేనన్నాను. ఆమె అటు వెళ్ళిన గంటకే వాన దంచికొట్టడం మొదలుపెట్టింది. వాగు పొంగి ఉంటుందని తెలిసిపోయింది.

మధ్యాహ్నం దాటాక పిల్లవాడు ఆకలికి లేచాడు. మెత్తగా కలిపిన అన్నం పెడితే ఉమ్మేశాడు. “కాస్త డబ్బా పాలు పట్టవే పాపం,” అంది అత్తగారు. ఆమె తెచ్చిన కొత్త డబ్బా తెరిచి కలిపాను. వాడు రబ్బరు ముక్క నోటికి తగలగానే వెనక్కి విరుచుకుపడి గుక్కపట్టాడు. మా ఆయన గొడుగేసుకుని వాగు దాకా వెళ్ళి, దాటడానికి వీల్లేదని తిరిగొచ్చారు. వాడి ఏడుపు సన్నబడి, బొంగురుపోయింది. పెదవులు ఎండిపోయాయి.

వాణ్ణి భుజాన వేసుకుని గదిలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతున్నాను. ఉన్నట్టుండి నా రవిక తడిసిపోయింది. నా కూతురు చాప మీద ఆడుకుంటోంది, దానికి ఆకలి లేదు. ఇది వాడి ఏడుపుకు వచ్చిన పాలు. ఒంటికి ఎవరి బిడ్డ అన్న తేడా లేదని నాకప్పుడు తెలిసింది. కానీ మనసుకు ఉంది. నేను ఇంకో నాలుగు సార్లు అటూ ఇటూ తిరిగాను. అత్తగారు నా తడిసిన రవిక వైపే చూస్తోంది. పిల్లవాడికి ఇస్తే సంగతి బయటపడి, నా కూతురు ఎర్రుపాలెం పోతుంది. ఇవ్వకపోతే? నాలుగు నెలలుగా ఆమె ఇచ్చింది, ఎవరినీ అడగలేదు.

గోడవైపు తిరిగి కూర్చుని వాణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాను. వాడు క్షణం తడుముకున్నాడు, పట్టుకున్నాడు. ఏడుపు ఆగిపోయింది. వాన చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

“ఏంటే ఇది?” అంది వెనక నుంచి అత్తగారు.

“అత్తయ్యా, మీ మనవరాలు ఒళ్ళు చేసింది డబ్బా పాలతో కాదు,” అన్నాను. గోడ వంకే చూస్తూ మొత్తం చెప్పేశాను. పొడి మీద ‘అ’ దగ్గర నుంచి దూడ దాకా. మా ఆయన టీ కూడా చెప్పాను. ఆయన గొడుగు మడుస్తున్నట్టు నటిస్తూ వరండాలోనే ఉండిపోయారు.

అత్తగారు లేచి పక్కగదిలోకి వెళ్ళింది. సంచి తీసిన చప్పుడైంది. బట్టలు సర్దుకుంటోందని, పిల్లవి కూడా సర్దుతుందని అనుకున్నాను. నా చేతుల్లో ఒకరి బిడ్డ, చాప మీద నా బిడ్డ. కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

దీపాలు పెట్టే వేళకు వాగు తీసిందేమో, గూడెం అమ్మ తల నుంచి కాళ్ళ దాకా తడిసి, రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది. నా ఒళ్ళో నిద్రపోతున్న కొడుకును చూసింది. వాడి మూతి పక్కన పాలచార. “తాగిండా?” అంది. తల ఊపాను. ఆమె గుమ్మంలోనే కూలబడి ఊపిరి పీల్చుకుంది.

అత్తగారు బయటికి వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది.

“నా మనవరాలికి పాలిచ్చింది నువ్వేనా?”

“అవ్.”

“నీ కొడుక్కీ, దానికీ, ఇద్దరికీ?”

“అవ్.”

“పొద్దున ఏం తిన్నావు?”

ఆ ప్రశ్న వస్తుందని మేమిద్దరం అనుకోలేదు. గూడెం అమ్మ తడబడింది. “జావ తాగిన.”

“ఇన్ని నెలలూ పగలంతా ఉన్నావుగా, మా కోడలు నీకు ఏం పెట్టింది?”

ఆమె నా వంక చూసింది. నన్ను కాపాడాలని చూసిందని ఆ చూపులో తెలిసిపోయింది. “ఛాయ్ పోస్తది,” అంది. “పాలు లేకుంట.”

అత్తగారు వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట తను వండిన వేడి అన్నం, వెల్లుల్లి కారం, మునగాకు పప్పు విస్తట్లో పెట్టుకొచ్చింది. వరండాలోనే పెట్టింది, లోపలికి పిలవలేదు. అంతవరకే ఆమె రాగలిగింది. నేతి డబ్బా మూత తీయబోతుంటే నేను గబగబా అన్నాను.

“అత్తయ్యా, నెయ్యి వద్దు. వాళ్ళు తినరు.”

ఆమె చెయ్యి ఆగింది. నా వైపు తిరిగింది. ఆ మొహంలో నేను భయపడ్డ కోపం లేదు, దానికంటే కష్టమైనదేదో ఉంది.

“ఏం తినదో తెలుసుకున్నావే గానీ, ఏమైనా తిన్నావా అని ఒక్కరోజన్నా అడిగావా?”

అడగలేదు. ఆవును అడిగాను, దూడను అడిగాను, పెరుగును, నేతిని అడిగాను. పొడి తరిగిందా లేదా అని అక్షరాలు రాసి చూశాను. ఇద్దరు పిల్లలకు పాలిచ్చే మనిషి మధ్యాహ్నం ఏం తింటోందో మాత్రం నాకు తోచలేదు. నేను క్యారేజీ విప్పుకుని ఆమె ఇంట్లోనే కూర్చుని తిన్న రోజులున్నాయి. అప్పుడామె నా పిల్లను ఎత్తుకుని ఆడించేది. గూడెం అమ్మ తల వంచుకుని నెయ్యి బదులు అత్తగారు పోసిన నువ్వుల నూనెతో కారం అన్నం ముద్ద మీద ముద్ద తింటోంది. ఆ ఆకలి చూస్తుంటే నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

అత్తగారు ఇంకో రెండు రోజులుంది. నాతో ముక్తసరిగానే మాట్లాడింది. పిల్ల సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. వెళ్ళే రోజు పొద్దున రోలు ముందు కూర్చుని, పాలు పడాలని బాలింతలకు పెట్టే వెల్లుల్లి కారం దంచి జాడీలో పెట్టింది. బస్సు దగ్గరికి నేనే పిల్లను ఎత్తుకుని నడిచాను. బస్సు వచ్చి ఆగింది. ఆమె పిల్ల తల నిమిరింది, మెట్టెక్కింది. ఆమె చేతిలో సంచి ఒక్కటే ఉంది.

బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచింది. మనవరాలి గురించేమో అనుకుని దగ్గరికి పరిగెత్తాను.

“ఆ జాడీ గూడెం అమ్మకి. నువ్వు తినకు,” అంది.